రైమాలి అత్త ముడేసిన గడ్డి

మా తురీబారిలో ఇళ్ళకు తాళంకప్పలు వచ్చి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. అవి వచ్చిన మరుసటి ఏడే దొంగలూ వచ్చారు. కానీ గడ్డి దొంగ మాత్రం ఈ ఊళ్ళో నేటికీ పుట్టలేదు. మాఘమాసంలో, ఊరవతల పెద్దగడ్డి అనే బయల్లో కోతకు దిగినప్పుడు, ఇంటికప్పుకు ఎవరికెంత కావాలో అంత మేర చూసుకుని, నాలుగు మూలలా నాలుగు పిడికిళ్ళ గడ్డిని కోయకుండానే జడలా మెలిపెట్టి ముడి వేస్తారు. ముడి పడిందంటే ఆ మేర వాళ్ళది. కోసుకుంటారో కుళ్ళబెట్టుకుంటారో వాళ్ళ ఇష్టం. ఇంకొకరి కొడవలి దాని జోలికి పోదు. పోయిందా, ఆ ఇంటి కప్పు నేయడానికి ఊళ్ళో ఒక్క మనిషి నిచ్చెన ఎక్కడు. ముగ్గురు పిల్లల తల్లి అయినా, మూరెడు నేల లేనిదైనా, ముడికి మాత్రం అందరూ సమానమే.

రైమాలి అత్త గురించి చెప్పాలంటే ముందు ఈ ముడి గురించి చెప్పాలి. ఆమె డెబ్బై రెండేళ్ళు బతికింది. ఒకరి చేను తొక్కలేదు, ఒకరి కోడిని అదిలించలేదు. నోరు మాత్రం పెద్దది, అది నేనూ ఒప్పుకుంటాను. అలాంటి మనిషిని లోపలినుంచి తినేసింది నాలుగు ముళ్ళ గడ్డి. ఆ ముళ్ళలో రెండు నేనే వేశాను, ఆమె చెప్పిన చోట.

ఆమె నాకు చుట్టం కాదు. మా రెండిళ్ళకూ మధ్య జెముడు కంచె, అంతే. కొత్త కోడలిగా నేనీ ఊరొచ్చిన వారానికి కంచె మీదుగా తల పెట్టి, "ఏమే, మీ అత్త నీకు నాఫాం పెట్టిందా లేకపోతే ఆ వెదురు గొట్టం దాచేసిందా?" అని అడిగింది. మా అత్త నిజంగానే దాచేసింది. ఆ గొట్టంలో ఊరేసిన నాఫాం ఎండుచేప లేకుండా ఎనిమిది రోజులు వట్టి ఆకుకూర తిన్నాను. రైమాలి అత్త అరచేతిలో ఇంత నాఫాం ముద్ద ఆకులో చుట్టి అందించింది. ఆ రోజు నుంచి ఆమె నాకు అత్త, నేను ఆమెకు కోడల్ని. సొంత అత్త కన్నా ఎక్కువ అంటే మా ఇంట్లో గొడవలొస్తాయి కాబట్టి అనను.

ఆమె మొగుడు లెద్రా. ఈ చుట్టుపక్కల పదకొండు ఊళ్ళలో అతనికి పేరు. ఎందుకంటే రెల్లుకోత కుందేలును పట్టడం అతనికి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు.

రెల్లుకోత అంటే మామూలు చెవులపిల్లి అనుకోకండి. చూడ్డానికి ఏమంత అందమైనది కాదు. పొట్టి చెవులు, చిన్న కళ్ళు, కొబ్బరిపీచు లాంటి గరుకు వెంట్రుకలు. మామూలు కుందేలు గెంతుతుంది. ఇది గెంతదు, గడ్డి మొదళ్ళ మధ్య కడుపు నేలకు ఆనించి పరుగెడుతుంది. గడ్డి కాడను ఏటవాలుగా కొరికి, పైపొర ఒలిచి పక్కన పెట్టి, లోపలి లేత బెండు మాత్రం తింటుంది. మా ఆడవాళ్ళు కొడవలితో కోసినదానికన్నా దాని కోత నున్నగా ఉంటుంది. అందుకే ఆ పేరు. భూటాన్ కొండల కింద నిలువెత్తు గడ్డి ఉన్న చోటే అది బతుకుతుంది. గడ్డి పోతే అదీ పోతుంది.

దాన్ని పట్టడానికి లెద్రా చేసే పని వినడానికి చాలా తేలిక. గడ్డిలో ఒక మేర ఎంచుకుని, దాని ఒక పక్కన మంచం వెడల్పు పట్టీ మేర గడ్డిని మొదలంటా కోసి, చీపురుతో ఊడ్చి, వట్టినేల చేసేవాడు. తక్కిన మూడు వైపులా మనుషులు రేకులు కొట్టుకుంటూ వచ్చేవాళ్ళు. కుందేలు పరిగెత్తి పరిగెత్తి ఆ వట్టినేల దగ్గరకు వచ్చి ఆగిపోయేది. "దాని పాదానికి గడ్డి తగలకపోతే దానికి లోకమే లేనట్టు. వెనక పులున్నా సరే, వట్టినేల దాటదు," అనేవాడు లెద్రా. ఆగిన చోట వల. వలలో చెయ్యి పెట్టి మెడ పట్టుకోవడమే. ఈ మాట అతను కల్లు తాగినప్పుడల్లా చెప్పేవాడు. ఊళ్ళో అందరం విన్నాం. రైమాలి అత్త అయితే ఎన్ని వందల సార్లు విన్నదో. విన్న మాట వేరు, అక్కరకొచ్చే వేళకు గుర్తొచ్చే మాట వేరు.

నేను వచ్చిన రెండో ఏడు లెద్రా ఒక కుందేలు తెచ్చాడు. బియ్యప్పిండి వేసి వండారు, నా ఆకులోనూ రెండు ముక్కలు పడ్డాయి. బాగుంది. ఆ తరవాత పెద్దగడ్డిలో సగం దున్ని చేలు చేశారు. మిగిలిన దానిలోకి పశువుల్ని తోలారు. ఆ రెండు ముక్కల కుందేలే ఆఖరిదని అప్పుడు ఎవరికీ తెలియదు, లెద్రాకు తప్ప.

అతను పోయేముందు చలిజ్వరంతో పద్దెనిమిది రోజులు మంచాన ఉన్నాడు. ఒకరోజు నేను గంజి తీసుకెళ్ళేసరికి అత్త అతని కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది.

"అది చూలుదే," అంటున్నాడు లెద్రా. "తోలు నువ్వే వొలిచావుగా. చూశావుగా."

"చూశా."

"మరి అప్పుడేం అనలేదే?"

"ఆకలేసింది. ఏమంటాను? ఇప్పుడెందుకయ్యా ఆ గోల, పడుకో."

"అదే ఆఖరుది రైమాలీ. పట్టుకునేటప్పుడే నాకు తెలుసు. దాని పెంటికలు తప్ప ఇంకోదాని పెంటికలు ఆ గడ్డంతా వెతికినా లేవు. నేను పట్టకపోతే ఇంకోడు పట్టేవాడు, అనుకున్నా. ఇప్పుడేమో, ఆ ఇంకోడే పట్టుంటే బాగుండేది అనిపిస్తంది."

అతను పోయాక వలలు కంచె పక్కన వేసి కాల్చేసింది అత్త. పిల్లలు లేరు. చూలు కుందేలు ఉసురు తగిలిందని కొందరు ఆడవాళ్ళు గుసగుసలాడారు. పిల్లలు పుట్టకపోవడం ఆ కుందేలుకన్నా ఇరవై ఏళ్ళ ముందు సంగతని వాళ్ళకు లెక్క తెలియదు. అత్త ఆ మాట విని, "ఉసురు తగలాలంటే మీ నోళ్ళు చాలవా, కుందేలు దాకా ఎందుకు?" అంది. కానీ నాకు తెలుసు, ఆమె మనసులో ఆ తోలు వొలిచిన రోజు అలాగే ఉండిపోయింది. ఏటా గడ్డికోతలో ఆమె కొడవలి కన్నా కళ్ళు ముందు నడిచేవి. నేల మీద చూసుకుంటూ కోసేది. "ఏం వెతుకుతున్నావత్తా?" అంటే, "పోయిన ముక్కుపుడక," అనేది. ఆమెకు ముక్కుపుడకే లేదు.

అలా ఇరవై ఏళ్ళు వెతికింది. ఆమెకు అరవై, నాకు నలభై దాటాయి.

ఆ మాఘంలో కోత మొదలైన నాలుగో రోజు, ఎండ ఇంకా పైకి రాలేదు, మంచుకు గడ్డి తడిగానే ఉంది. పెద్దగడ్డి నడిమధ్యలో మేమిద్దరం పక్కపక్కనే కోస్తున్నాం. అత్త కొడవలి చప్పుడు ఆగిపోయింది. తేలు కుట్టిందేమోనని చూశాను. మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

"ఒంజలీ, ఇటు రా. అడుగు తియ్యకుండా రా."

"అడుగు తియ్యకుండా ఎట్టా వస్తానత్తా, ఎగిరా?"

"నోర్మూసుకుని రావే!"

వెళ్ళాను. గడ్డి మొదట్లో సన్నని దారి, నా చేయి పట్టేంత. దారి పక్కన ఒలిచి పెట్టిన గడ్డి పొరలు, ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఏటవాలు కోత. అక్కడే గుండ్రని పెంటికలు, అణిచిన శనగల్లాగా. అత్త ఒకటి తీసి వేళ్ళతో చిదిమి ముక్కు దగ్గర పెట్టుకుంది. అది ఏడవడం ఎలాగో మరిచిపోయిన మనిషి ముఖం. నోరు తెరుచుకుని, శబ్దం లేకుండా, బుగ్గలు మాత్రం తడిసిపోయాయి.

"ఉంది," అంది. "సచ్చినోడు అబద్ధం చెప్పి పోయాడు. ఉందే!"

నాకు ఆనందం వచ్చింది, నిజమే. కానీ ఆమెను చూసి భయమూ వేసింది. ఒక మనిషి ఒక పెంటిక మీద అంత ఆశ పెట్టుకోకూడదు.

ఊరికి చెబుదామన్నాను. తల అడ్డంగా ఊపింది. "చెప్తే ఏమవుద్ది? పొద్దుటికల్లా కుక్కలేసుకుని వస్తారు కుర్రనాయాళ్ళు. లెద్రా ఒక్కడే పాపి అనుకుంటన్నావా? నేనింకా ముడెయ్యలేదుగా, ఈ ఏడు నా మేర ఇదే. ముడెయ్యి."

ఇద్దరం నాలుగు ముళ్ళు వేశాం. మామూలుగా ఒక ఇంటి కప్పుకు పట్టేదానికన్నా పెద్ద మేరే తీసుకుంది. ఒంటి మనిషి, ఎవరూ కాదనలేదు. ముడి పడింది కాబట్టి ఇక ఆ గడ్డికి భయం లేదు. నిజంగానే అలా అనుకున్నాం. మా ఊరివాళ్ళం ఎవరమైనా అలాగే అనుకుంటాం. మనిషి నుంచి కాపాడాలంటే ముడిని మించినది మాకు తెలియదు.

నెలంతా కోత సాగింది. చుట్టూ గడ్డి తగ్గుతూ వచ్చింది, అత్త మేర మాత్రం నిలువెత్తున అలాగే నిలబడింది. ఆమె రోజూ వచ్చి గట్టు మీద కూర్చుని వక్క నములుతూ దాన్ని చూసేది. కొడవలి ముట్టదు. ఆమె ఇంటి కప్పు నేసి నాలుగేళ్ళయింది. మూడేళ్ళకే గడ్డి చీకిపోతుంది. నడిమి వాసం దగ్గర ఆకాశం కనబడుతోంది అప్పటికే. ఇక మాటలు మొదలయ్యాయి.

"ఏం వదినా, గడ్డి ఇంకా పండాలా? మామిడికాయనుకున్నావా?" అని నిరోలా దెప్పింది. నిరోలా మా ఊరి పెద్ద ఖర్గేశ్వర్ భార్య. ఊరిపెద్ద భార్య కాబట్టి ఆమెకు అందరి ఇంటికప్పులూ లెక్కే.

"పండాలి. నీ నాలుక లాగా ముదిరిపోకముందే కోస్తాలే."

ఖర్గేశ్వర్ కూడా వచ్చాడు. మంచివాడే, కాస్త నెమ్మది మనిషి. "అక్కా, ఫాల్గుణం ఎనిమిదికి నిప్పు పెట్టాలి. అందరిదీ అయిపోయింది. నీ ఒక్కదాని కోసం ఆగితే కొత్త గడ్డి రాదు, పశువులు ఏం తింటాయి? నేను మనుషుల్ని పంపుతా, పూటలో కోసి పడేస్తారు. నీ కప్పూ నేసేద్దాం."

"వద్దు తమ్ముడూ. నేనీ ఏడు కోయను."

"కోయవా? మరి ముడెందుకేసినట్టు?"

"నా ఇష్టం. ముడి నాది."

అతను నవ్వేశాడు. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నీతో ఎవడు వాదిస్తాడు?"

పాపం, ఊరికే అన్న సామెత. అత్త ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. అతను గమనించలేదు. అప్పుడే చెప్పేసి ఉంటే, ఇదీ సంగతి తమ్ముడూ అని ఒక్క మాట అని ఉంటే, ఏమయ్యేదో. నిప్పు ఆపేవాడా? ఆ పక్క మేర వదిలి కాల్చేవాడా? ఇప్పటికీ ఆ మాట నన్ను తొలుస్తూనే ఉంటుంది. నేనూ పక్కనే ఉన్నాను. నాకూ నోరుంది.

మా దగ్గర ఇంకో కట్టుబాటు ఉంది. కోయని ముడి మిగిలి ఉంటే, ఆ ముడి మనిషే మొదటి నిప్పు పెట్టాలి. రేపు గడ్డి కాలిందని ఎవరూ ఎవరినీ అనకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటు. ఆ ఏడు మిగిలిన ముడి ఒక్కటే.

అత్త రెండు రాత్రులు నిద్రపోకుండా ఆలోచించి ఉపాయం కనిపెట్టింది. నిప్పు రోజుకు ముందటి రోజు ఇద్దరం వెళ్ళి, ఆమె మేర చుట్టూ పట్టీ కోశాం. మొదలంటా, మంచం వెడల్పున, నాలుగు వైపులా. గడ్డి మొలకలు పలుగుతో పెరికాం. రాలిన ఆకు కూడా లేకుండా చీపుళ్ళతో ఊడ్చాం. ఎండలో చెమటలు కారుతుంటే అత్త పాట కూడా అందుకుంది. మంట వచ్చి ఈ వట్టినేల దగ్గర ఆకలితో చచ్చిపోతుంది, లోపల ఆ గడ్డి అలాగే ఉంటుంది, లోపలిది బతుకుతుంది. వానలొస్తే చుట్టూ కొత్త గడ్డి లేస్తుంది. అంతే లెక్క. అంతకన్నా తెలివైన పని మాకు తోచలేదు.

"ఎట్టుందే?" అని నడుం పట్టుకుని నిలబడి అడిగింది.

"పెళ్ళివాకిలిలా ఉందత్తా," అన్నాను.

ఫాల్గుణం ఎనిమిది మధ్యాహ్నం ఊరంతా వచ్చింది. గాలి నదివైపు నుంచి కొండల వైపు మెల్లగా వీస్తోంది. అత్త కొండల వైపు అంచున, గాలికి ఎదురుగా మంట మెల్లగా నడిచే చోట, నిప్పు పెట్టింది.  కోసిన మొదళ్ళ మీద మంట మోకాలెత్తున పాకుతూ వచ్చింది. అత్త మేర దగ్గరకొచ్చి, వట్టినేల చూసి ఆగి, రెండు పక్కలా చీలి ముందుకు సాగింది. నేను చప్పట్లు కొట్టాను. నిరోలా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

గాలి అప్పుడే తిరిగింది. కొండల నుంచి ఒక్కసారిగా దిగింది. ఆ గాలి చైత్రంలో రావలసింది, నెల ముందొచ్చింది. పడుకున్న మంట లేచి నిలబడింది. మంట పట్టీ దాటలేదు, కానీ నిప్పురవ్వకు పట్టీ ఏమిటి? ఎండిన నిలువెత్తు గడ్డి, అయిదు వారాలుగా ఎవరూ ముట్టని గడ్డి. ఒక వక్కపలుకు నోట్లో వేసుకుని నమిలేంతసేపు పట్టింది, అంతే. ఆ చప్పుడు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. అత్త ఒంటికి చుట్టుకున్న దొఖొనా అంచు నోట్లో కుక్కుకుని నిలబడింది.

కోసిన చోట మోకాలెత్తు మంట వచ్చి పోయింది. కోయని చోట తాటిచెట్టంత మంట లేచింది. కోసి ఉంటే దానికి దాక్కునే చోటు ఉండేది కాదు, పెద్దగడ్డి పక్కనున్న వాగువైపు ఎప్పుడో వెళ్ళిపోయి ఉండేది. ఈ మాట నాకు ఆ క్షణంలోనే తోచింది. ఆమెకు చెప్పలేదు.

బూడిద చల్లారకముందే ఆమె లోపలికి నడిచింది. వట్టికాళ్ళతోనే. వెనకనుంచి చేయి పట్టి లాగినా ఆగలేదు. నేను గోనెపట్టా కాళ్ళకు చుట్టుకుని వెళ్ళేసరికి ఆమె వాగువైపు అంచున, మేం ఊడ్చిన పట్టీ పక్కన నిలబడి ఉంది.

ఒకటి కాదు. ఏడు.

ఇరవై ఏళ్ళు లేవనుకున్నవి ఏడు ఉన్నాయి. ఒక్కొక్కరు ఒక్కో మేర కోస్తూ వస్తుంటే, అవి ఒక్కో మేర నుంచి తప్పుకుంటూ చివరికి అన్నీ ఆ నిలబడ్డ గడ్డిలోకి చేరాయి. ఇంకెక్కడికి పోతాయి? పెద్దగడ్డి మొత్తం మీద వాటికి మిగిలిన ఇల్లు అదొక్కటే. నెలపాటు అవి మెల్లమెల్లగా వచ్చి చేరుతుంటే, అత్త గట్టు మీద కూర్చుని ఒక్కటే ఉందనుకుంటూ వక్క నమిలింది.

ఏడూ కాలిపోయి ఒకే వరుసలో ఉన్నాయి. ముక్కులు బయటికి, వట్టినేల వైపు. ఒక్క అడుగు వేస్తే పట్టీ. పట్టీ దాటితే మంట అప్పటికే దాటిపోయి చల్లారిన నేల, ఆ వెనక వాగు. ఒక్కటి కూడా ఆ ఒక్క అడుగు వేయలేదు.

అత్త చాలాసేపు చూసింది. తరవాత నా వైపు తిరిగింది.

"వల ఒక్కటే తక్కువే ఒంజలీ," అంది. "లెద్రా వల ఒక్కటే లేదు. తక్కిందంతా నేనే చేశా."

అప్పుడు నాకూ గుర్తొచ్చింది, కల్లు తాగి లెద్రా చెప్పిన మాట. మేమిద్దరం పాట పాడుకుంటూ ఊడ్చింది ఏమిటో అప్పుడు తెలిసింది. 

ఆ ఏడింటినీ అక్కడే గొయ్యి తీసి పూడ్చింది. ఖర్గేశ్వర్ వచ్చి చూసి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఒక్క మాట చెప్పాల్సింది కదక్కా," అన్నాడు చివరికి. ఆమె తల ఊపింది. ఆమె అరికాళ్ళు మానడానికి నెలన్నర పట్టింది. నేనే ఆకుపసరు పూశాను. ఊరంతా గడ్డి తెచ్చి ఆమె కప్పు నేయడానికి వచ్చారు, ఎవరికి వాళ్ళు తమ మోపుల్లోంచి తలా ఒకటి తీసి. ఆమె నిచ్చెన వేయనివ్వలేదు. ఆ వానాకాలమంతా మంచం ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుకుంటూ గడిపింది. తడవడం తన పద్దు అన్నట్టు. నాకు ఒళ్ళు మండి, "నువ్వు తడిస్తే అవి లేచొస్తాయా?" అని అరిచాను. "రావు," అంది. అంతే. మరుసటి మాఘంలో నేనే మా ఆయన్ని తీసుకెళ్ళి, ఆమెను అడక్కుండా కప్పు నేయించాను.

రెండేళ్ళకు గౌహతి నుంచి చదువుకున్న అమ్మాయిలు ఇద్దరు వచ్చారు. తాళ్ళు పట్టుకుని పెద్దగడ్డిని గళ్ళు గళ్ళుగా కొలిచి, పెంటికల కోసం అయిదు రోజులు వెతికారు. ఏమీ దొరకలేదు. ఈ కుందేలు లోకంలో చాలా తక్కువగా మిగిలిందని, ఇక్కడ ఆఖరిసారి ఎప్పుడు కనబడిందో ఎవరికైనా గుర్తుందా అని అడిగారు. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అత్త ముందుకొచ్చి నెల, తిథి, పూట అన్నీ చెప్పింది. "అంత కచ్చితంగా ఎలా గుర్తుంది అమ్మమ్మా?" అని వాళ్ళలో ఒక పిల్ల మెచ్చుకోలుగా అడిగింది. "ఆ రోజు నిప్పు పెట్టింది నేనే," అంది అత్త. ఆ పిల్ల రాసుకోవడం ఆపేసింది.

ఆ తరవాత అత్త ముడి వేయలేదు. కోతలో అందరికన్నా ముందు వెళ్ళి, ముడి పడని అంచుల్లో మిగిలినదే కోసుకునేది. నిప్పు రోజున మాత్రం ఒక పాత నూనె డబ్బా రేకు, కర్ర తీసుకుని బయలుదేరేది. మంట పెట్టకముందే గడ్డి అంతా అడ్డదిడ్డంగా తిరుగుతూ రేకు కొట్టేది. "పోండే! పోండి! వాగుకి పోండి!" అని అరిచేది. లేనివాటిని తరిమేది. మొదటి ఏడు అందరూ నోరు మూసుకున్నారు. మూడో ఏడు పిల్లలు వెంటబడి నవ్వారు. అయిదో ఏడు నిరోలా, "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం వదినా?" అంది. వెటకారంగా కాదు, జాలిగానే అంది. "కాలినయ్యి నా చేతులు కాదుగా," అంది అత్త. నిరోలా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఖర్గేశ్వర్ మాత్రం ఆమె రేకు ఆగేదాకా ఎవరినీ నిప్పు పెట్టనిచ్చేవాడు కాదు. ఊరి కట్టుబాట్లలో అదీ ఒకటయింది. ఎందుకని అడిగితే సగంమందికి తెలియదు ఇప్పుడు.

తొమ్మిదో ఏటికి ఆమె కళ్ళకు పొరలు కమ్మాయి. రేకు నా చేతికొచ్చింది. ఆమెను చేయి పట్టి తీసుకెళ్ళి గట్టు మీద చెక్కపీట వేసి కూర్చోబెట్టి, నేను తిరిగొచ్చేదాన్ని. నా అడుగు వినగానే అడిగేది.

"ఏమన్నా పరిగెత్తిందా?"

"లేదత్తా."

రెండేళ్ళు అదే ప్రశ్న, అదే జవాబు. మూడో ఏడు, అంటే ఆమె ఆఖరి ఫాల్గుణం, పీట మీద ఆమె ఎంత చిన్నగా కనబడిందంటే, ఆరేసిన బట్టేదో గాలికి ఎగిరొచ్చి పడ్డట్టుంది. రేకు కొట్టి కొట్టి వచ్చాను. చేతులు నొప్పెట్టాయి. ఒక ఎలుక కూడా కదల్లేదు.

"ఏమన్నా పరిగెత్తిందా?"

నా నోరు నా మాట వినలేదు. "పరిగెత్తిందత్తా," అన్నాను.

ఆమె చెయ్యి నా మణికట్టును వెతికి పట్టుకుంది. అంత బలం ఎక్కడిదో.

"చెవులు?"

"పొట్టివి."

"రంగు?"

"నల్లగోధుమ. గరుకుగా. నువ్వు చెప్పినట్టే."

"ఎటు పోయింది?"

"వాగు వైపు."

"వాగుకి బండిబాట అడ్డం కదే ఇప్పుడు? కొత్తగా మట్టిపోశారుగా. అదెట్టా దాటింది?"

"ఒక్క గెంతులో దాటేసిందత్తా!"

అనేశాక తెలిసింది. గెంతని కుందేలుతో గెంతించాను. దాటని నేల దాటించాను. నాలుక కొరుక్కున్నా లాభం లేదు.  మా వెనక మంట పెట్టారు, పొగ మా మీదుగా పోయింది. ఆమె నా చెయ్యి వదల్లేదు. తెల్లపొర కమ్మిన ఆ కళ్ళు బండిబాట వైపే తిరిగి ఉన్నాయి, అక్కడ నిజంగా ఏదో ఉన్నట్టు.

"వట్టినేల దాటిందన్నమాట," అంది.

"దాటింది," అన్నాను. 

"ఆ రోజు అట్టా దాటుంటే ఎంత బాగుండేది."

లేపి నిలబెట్టాను. ఇంటిదాకా మెల్లగా నడిచాం. జెముడు కంచె దగ్గర ఆగి నా చెయ్యి వదిలి, తన వాకిలి తడుముకుంటూ అంది: "వచ్చే ఏడు నాకు అబద్ధం చెప్పమాక ఒంజలీ. రేకు ఇంకాస్త గట్టిగా కొట్టు."

ఆ వానల్లోనే పోయింది. కప్పు కారని ఇంట్లోనే, అదొక్కటే నా తృప్తి. రేకు మా చూరులో ఉంది. మొన్న ఫాల్గుణం ఎనిమిదికీ తీశాను. గట్టిగానే కొట్టాను, ఊరంతా విన్నది. తిరిగొచ్చి ఖాళీ గట్టు దగ్గర కాసేపు నిలబడ్డాను.

"లేదత్తా," అన్నాను.